అయిపోవచ్చింది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు బాగుచేసి చూడు అని ఎందుకు అనలేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. బహుశా బాగుచెయ్యడం మొదలుపెట్టినవాడెవడూ తిరిగొచ్చి ఆ సంగతి చెప్పేపాటి తీరిక చేసుకుని ఉండడు. కట్టడానికయితే శంకుస్థాపనకో ముహూర్తం, గృహప్రవేశానికో ముహూర్తం ఉన్నాయి. నడుమ ఎన్ని అప్పులు చేసినా, పాలు పొంగిన రోజుతో ఆ వ్యవహారం ఒక కొలిక్కి వచ్చినట్టే. బాగుచెయ్యడానికి ఏ పంచాంగంలోనూ ముహూర్తం లేదు. ఎప్పుడో ఒక వానాకాలం సాయంత్రం స్క్రూడ్రైవరు పట్టుకుని లేస్తాం. అంతే.

నేను అలా లేచి పన్నెండేళ్ళు దాటింది. ఎవరడిగినా ఒకటే జవాబు: "అయిపోవచ్చిందండీ." ఈ మాట మా ఊళ్ళో నానుడిగా స్థిరపడిపోయింది. కాలవ మీద వంతెన ఎప్పటికవుతుందని ఎవరైనా అడిగితే, "మేష్టారిల్లు లాగా అయిపోవచ్చిందండి" అంటున్నారట. కీర్తి ఎన్ని రకాలుగా వస్తుందో చూడండి.

మాది కోనసీమలో ఒక మండువా లోగిలి. మా తాతగారు 1938లో కట్టించారు. వీధి గుమ్మం పైకమ్మి మీద ఆ అంకె చెక్కి ఉంది కనక ఈ ఒక్క విషయంలో మాత్రం మా వంశంలో భేదాభిప్రాయాలు లేవు. నాలుగు వైపులా గదులు, వసారాలు, నడుమ ఆకాశం. కప్పు వాలు లోపలికే దిగుతుంది. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి, తూము గుండా పెరట్లోకి, అక్కణ్ణించి బోదెలోకి పోతాయి. ఇంటి మధ్యలో కూచుని, తడవకుండా, వాన చూసేవాళ్ళం. చిన్నప్పుడు మాకు అంతకు మించిన వినోదం లేదు.

కాని ఆ వాలులు ఒకదాంతో ఒకటి కలిసే మూలలున్నాయే, మండువా ఇంటి ప్రాణం అక్కడుంది. రెండు కప్పుల నీళ్ళూ వచ్చి ఒక్క మూలలో పడతాయి. అక్కడ పరిచిన రేకుకి చిల్లు పడినా, నాలుగు ఆకులు అడ్డుపడినా, నీళ్ళు పెంకు కిందికి ఎగదన్ని ఇంట్లోకి దిగుతాయి. మా ఇంట్లో ఆ పాపం వాయవ్య మూలది. 1996 నవంబరు 6న తుఫాను వచ్చిన రాత్రి పెరట్లో కొబ్బరిచెట్టు సరిగ్గా ఆ మూల మీదే పడింది. ఆ ఏడు కోనసీమలో ఎన్ని చెట్లు పడ్డాయో లెక్కపెట్టే కంటె నిలబడ్డవాటిని లెక్కపెట్టడం తేలికగా ఉండేది. మా నాన్నగారు చేతనైనంతలో కప్పు వేయించారు. ఆ మూల మాత్రం కారడం మానలేదు. ఆయన దాని కింద ఒక ఇత్తడి బిందె పెట్టారు. తొలకరి పడగానే బిందె అక్కడికి చేరేది, కార్తీకం వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళేది. "బిందె ఉండగా మళ్ళీ మేస్త్రీ ఎందుకురా" అనేవారు.

ఆయన 2009లో పోయారు. 2012లో నేను రిటైరయి ఆ ఇంట్లోకే చేరాను. 2013 సంక్రాంతికి హైదరాబాదు నించి తమ్ముడు వచ్చాడు. భోజనాలయ్యాక ఇద్దరం అరుగు మీద కూచున్నాం. "ఇలా పడిపోతున్న కొంప ఎవడు కొంటాడన్నయ్యా? కాస్త బాగుచేసి అమ్ముదాం. చెరిసగం" అన్నాడు. న్యాయమే. వాడి పిల్లలకి ఇక్కడికొచ్చే ఉద్దేశం లేదు. మా అమ్మాయికీ లేదు. "నువ్వు ఇక్కడే ఉంటావు గనక నువ్వే చూసుకో. పని అయ్యాక కబురు చెయ్యి" అన్నాడు. సరేనన్నాను. అన్నదమ్ముల మధ్య కాగితాలెందుకని రాసుకోలేదు. ముప్ఫయి మూడేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, "పని అవడం" అంటే ఏమిటో నిర్వచనం లేకుండా ఒప్పందానికి తల ఊపాను.

ముందు ఒక కంట్రాక్టరు వచ్చి చూశాడు. అతను చెప్పిన అంకె నా గ్రాట్యుటీకి కవలపిల్లలా ఉంది. పైగా "పెంకంతా దింపేసి స్లాబు వేసేద్దామండి, తేలిగ్గా పోద్ది" అన్నాడు. తేలిగ్గా పోయేది ఏదో నాకు అర్థమయింది. నమస్కారం పెట్టి పంపేశాను.

ఆ సాయంత్రమే పడకగది తలుపు గడియ బిగించాను. మూడు స్క్రూలు. నాలుగున్నర గంటలు పట్టింది. మీరు నవ్వకండి. ఆ రాత్రి తలుపు వేసి గడియ పెడితే 'టక్' మని ఒక చప్పుడయింది చూశారూ, నా దగ్గర చదివిన పిల్లలకి నూటికి నూరు వచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. పిల్లాడి నూరులో నా వాటా ఎంతో ఎప్పుడూ తేలేది కాదు. ఈ 'టక్' మాత్రం అచ్చంగా నాదే. ఆ రోజుతో చెడిపోయాను. మరుసటి వారం అమలాపురం వెళ్ళి రెండు తాపీలు, రసమట్టం, తూకపు గుండు, చిత్రిక, మూడు సైజుల ఉలులు తెచ్చుకున్నాను. పేకాటలో చెడినవాడు పేకముక్కలతో సరిపెడతాడు. వడ్రంగంలో చెడినవాడికి ప్రతి పనికీ ఒక కొత్త పనిముట్టు కావాలి.

మొదటి ఘనకార్యం వసారా గోడ. నేల నించి మూరెడు ఎత్తు దాకా చెమ్మ. పూత పొరలు పొరలుగా లేచి, తెల్లటి ఉప్పు పూసి, చెయ్యి తగిలితే రాలుతోంది. ఆ పెచ్చులన్నీ కొట్టేసి, ఒకటికి నాలుగు పాళ్ళ ఇసకతో సిమెంటు కలిపి దిట్టంగా పూశాను. పది రోజులు పొద్దున్నా సాయంత్రం తడిపాను. అద్దంలా వచ్చింది. ఊరందరికీ చూపించాను. మరుసటి వానాకాలానికి మూరెడున్న చెమ్మ నడుము దాకా ఎక్కింది.

అప్పుడు పిలిపించాను మేస్త్రీని. మొదటి ఉద్యోగంలో నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. లెక్కల్లో తప్పాడు. తప్పించింది నేనే. గోడ చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపుతో కొట్టి చూసి, "గోడకి రెయిన్‌కోటు తొడిగారండి మేష్టారూ. లోపల చెమట పట్టదా అండి?" అన్నాడు.

పాత ఇళ్ళ పునాదిలో చెమ్మని ఆపే పొర ఏదీ ఉండదు. దీపంలో ఒత్తి నూనె పీల్చినట్టు ఇటిక నేలలోని తడిని పైకి పీలుస్తుంది. సున్నపు పూతకి సన్నటి రంధ్రాలుంటాయి గనక ఆ తడి ఎక్కడికక్కడ ఆవిరైపోతుంది. దాని మీద సిమెంటు బిగించామో, ఆ తడికి దారి మూసుకుపోయి, దారి దొరికేదాకా పైకి ఎక్కుతుంది. వెంట ఉప్పుని కూడా మోసుకుపోతుంది. ఇదంతా ఏడో తరగతి తప్పినవాడు రెయిన్‌కోటు అన్న ఒక్క మాటలో చెప్పాడు. సిమెంటు పూసింది మూడు రోజులు, ఊడదీసింది మూడు నెలలు. ఉలి పెట్టి కొడుతుంటే ఆ సిమెంటు ఒట్టిగా ఊడలేదు, ఇటిక చర్మాన్ని కూడా పట్టుకుని మరీ ఊడింది. బాగుచెయ్యడమంటే ఉన్నదాన్ని కొంత పాడుచెయ్యకుండా అయ్యే పని కాదని నాకు తెలిసిన మొదటి సందర్భం అది. రెండో సందర్భం తరవాత చెబుతాను.

"మరేం చెయ్యమంటావయ్యా?" అన్నాను.

"సున్నమేనండి. మా తాత గానుగ తోలాడండి ఈ ఇంటికి. ఆయ్."

గుండ్రటి కాలవలో సున్నం, ఇసక పోసి, ఎద్దుని కట్టి రాతిచక్రాన్ని తిప్పితే అదే గానుగ. నాకు ఎద్దూ లేదు, చక్రమూ లేదు. పెరట్లో మూలపడ్డ పాత రుబ్బురోలుకి ఆ యోగం పట్టింది. మేస్త్రీ చెప్పిన ప్రకారం గుల్లసున్నం తెప్పించాను. ఇది నత్తగుల్లల్ని, ఆల్చిప్పల్ని బట్టీలో కాల్చి చేసేది. గోతిలో నీళ్ళు పోసి అందులో కాలిన గుల్ల వేస్తే, కింద మంట లేకుండానే నీళ్ళు కుతకుతా ఉడుకుతాయి. ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలుసు. అయినా ఎంత ఉడుకుతాయో దగ్గరికి వంగి చూడబోయాను. మోచేతి మీద అర్ధరూపాయి బిళ్ళంత మచ్చ ఇప్పటికీ ఉంది. కళ్ళజోడు ఉండబట్టి కళ్ళు దక్కాయి. సున్నం పని చేసేవాళ్ళు కళ్ళకి ఏదో ఒక అద్దం లేకుండా గోతి దగ్గరికి వెళ్ళకూడదని, ఈ వ్యాసం మొత్తంలో పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి గనక చెబుతున్నాను.

ఆ సున్నాన్ని నీళ్ళలోనే మగ్గపెట్టాలి. ఎంత మగ్గితే అంత వెన్న. తరవాత రెండున్నర పాళ్ళ ఇసకతో రోట్లో వేసి రుబ్బాలి. అందులోకి కరక్కాయలు నానేసిన నీళ్ళు, బెల్లపు నీళ్ళు. కరక్కాయల దాకా మా ఆవిడ ఏమీ అనలేదు. బెల్లం దగ్గర వచ్చింది పేచీ. సంక్రాంతికి అరిసెల కోసం తెచ్చిన రెండు అచ్చులూ వసారా గోడకి పోయాయి.

"ఏమండీ, ఈ ఏడు అల్లుడొస్తే గోడ నాకమంటారా?" అంది.

సున్నంలో ఒక విచిత్రముంది. గుల్లని తొమ్మిదివందల డిగ్రీల వేడిలో కాలిస్తే దాంట్లోని బొగ్గుపులుసు గాలి పోతుంది. నీళ్ళు తగిలితే మెత్తని సున్నమవుతుంది. గోడకి పూశాక, పోగొట్టుకున్న ఆ గాలినే మళ్ళీ మన చుట్టూ ఉన్న గాలిలోంచి కొంచెం కొంచెంగా లాక్కుని, మునుపటి రాయిగా మారిపోతుంది. ఏ చెరువులోనో నత్త తన కోసం కట్టుకున్న ఇల్లు, కాలి, నీరై, మా వసారాలో మళ్ళీ గుల్ల అవుతోందన్నమాట. సిమెంటులాగా దీనికి తొందర లేదు. నెలలు పడుతుంది, ఒక్కోచోట ఏళ్ళు. ఇది తెలిశాక "అయిపోవచ్చింది" అని చెప్పడానికి నాకు శాస్త్రాధారం కూడా దొరికింది.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. పెరట్లో స్నానాల గది పునాదికి మూల సరిగ్గా తొంభై డిగ్రీలు రావాలి. నేను వృత్తలేఖిని తరహాలో పురికొసతో చాపాలు గీసి, లంబాలు నిలబెట్టి చెమటలు కక్కుతుంటే మేస్త్రీ కాసేపు ఊరుకున్నాడు. తరవాత వచ్చి, ఒక పక్క మూడడుగుల దగ్గర మేకు, రెండో పక్క నాలుగడుగుల దగ్గర మేకు పెట్టి, ఆ రెంటి మధ్యా అయిదడుగుల కర్ర ఆనించాడు. "మూల వచ్చేసిందండి."

"ఒరే, ఇది పైథాగరస్ సిద్ధాంతం కదురా!"

"అదేంటోనండి. మా నాన్న నేర్పాడు. మీరు నన్ను తప్పించింది కూడా అదే పేరున్న లెక్కలోనండి."

ఆ రోజు వాడికి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే పెట్టించాను. అంతకంటె మార్కులు కలపడానికి నా చేతిలో రిజిస్టరు లేదు.

పెంకుల గొడవ వేరు. మా వైపు వీటిని బెంగుళూరు పెంకులంటారు. నిజానికి ఈ రకం పెంకు పుట్టిల్లు మంగుళూరు. 1865లో అక్కడ బాసెల్ మిషన్ వాళ్ళు మొదటి కార్ఖానా పెట్టారు. పెంకు వెనక్కి తిప్పితే ఏ కార్ఖానాదో పేరు అచ్చొత్తి ఉంటుంది. ఆ పేరుకి ఎంత విలువుందో కప్పు ఎక్కితే గాని తెలియదు. ఒక కార్ఖానా పెంకు గాడి మరో కార్ఖానా పెంకు గాడిలో కూచోదు. సంబంధం కుదరని వియ్యంకుల్లాగా ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. మధ్యలోంచి వాన. అంచేత మా ఇంటి పేరున్న పెంకుల కోసం చుట్టుపక్కల ఎక్కడ పాత ఇల్లు పడగొడుతున్నారంటే అక్కడికి స్కూటరు మీద పరిగెత్తాను. ఇల్లు పోయిన వాళ్ళని పలకరించడానికొచ్చాననుకుని మొదట్లో కాఫీ ఇచ్చేవారు. చూపంతా కప్పు మీదే ఉందని తెలిశాక కాఫీ మానేసి పెంకులు ఇచ్చేవారు. అలా పన్నెండేళ్ళలో కూలిన ఇళ్ళ పెంకులెన్నో వచ్చి మా కప్పెక్కాయి. ఒక్కోసారి రాత్రి పడుకుని పైకి చూస్తే, ఎవరెవరి ఇళ్ళ కిందో పడుకున్నట్టుంటుంది.

ఈ పన్నెండేళ్ళూ మా ఆవిడ నాలుగుసార్లు వంటిల్లు మార్చింది. పొయ్యి ఒక గదిలో, గిన్నెలు ఒక గదిలో, పప్పుడబ్బాలు మంచం కింద. నాకున్న జబ్బేమిటంటే, ఒక పని ముప్పాతిక వంతు అయ్యేసరికి రెండో పని కనబడుతుంది. కిటికీకి చిత్రిక పడుతుంటే చెదలు కనబడతాయి. చెదలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూద్దామని గచ్చు తవ్వుతాను. గచ్చు కింద తూము పగిలి ఉంటుంది. తూము సంగతి తేల్చి వచ్చేసరికి కిటికీ రెక్కలు రెండేళ్ళపాటు గోడకి చేరబడి ఉంటాయి, వాటికి గోనె పట్టా తెర. 2020లో కరోనా వచ్చి అందరూ ఇళ్ళలో కూచున్నప్పుడు ఈయన పనంతా పూర్తవుతుందని ఆవిడ ఆశపడింది. పూర్తి కాలేదు. అప్పటికి బాగున్న గదులు రెండు కూడా విప్పాను.

ఒకనాడు మా ఆవిడ మండువాలో కూచుని కూర తరుగుతూ, తల ఎత్తకుండానే, "మీకు పని చేతకాక కాదండీ. అయిపోతే అమ్మాలిగా" అంది.

నేను వినపడనట్టు నిచ్చెనెక్కి పైకి పోయాను. పైన ఏ పనీ లేదు. కాసేపు అక్కడే కూచున్నాను.

ఇక రెండో సందర్భం.

మా ఇంట్లో తూర్పు వైపున ధాన్యం గది ఉంది. మా నాన్నగారు లెక్కలన్నీ ఆ గది గోడ మీద పెన్సిలుతో రాసేవారు. "పుస్తకం పోతుందిరా, గోడ పోదు" అనేవారు. ఏటా సంక్రాంతి ముందు, మొగలి ఊడ చితక్కొట్టి చేసిన కుంచెతో, నీలిమందు చుక్క కలిపిన వెల్ల పడేది. నిరుటి లెక్క వెల్ల కింద, ఈ ఏటి లెక్క వెల్ల మీద. ఈ సంగతి నాకు తెలియదని కాదు. మరిచిపోయాను. 2021లో ఆ గోడ పని పట్టాను. పొర మీద పొర బొప్పికట్టిన వెల్ల. ఇనపరేకు పెట్టి గోకుతుంటే చెట్టు బెరడులాగా అరచేతులంత పెచ్చులు ఊడొస్తున్నాయి. చేతికి ఊపొచ్చింది. ఇలాంటి పని చేసినవాళ్ళకి ఆ ఊపు తెలుసు. భోజనానికి కూడా లేవలేదు. మూడు గంటలకి పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేసరికి గోడ మీద ఏవో గీతలు మెరిశాయి. దగ్గరికెళ్ళి చూస్తే నాన్నగారి చేతిరాత.

అప్పటికే గోడ ముప్పాతిక వంతు అయిపోయింది.

మిగిలినచోట లోపలి పొరలో, 1971 అని వేసి, "పెద్దాడి కాలేజీ. 4 బస్తాలు" అని ఉంది. నేను డిగ్రీలో చేరిన ఏడది. దానికి పక్కగా, ద్వారబంధం అంచున రేకు దూరని సందులో, పైపొర ముక్క ఒకటి అతుక్కుని ఉంది. దాని మీద 1975 అన్న అంకె, "చిన్నాడి" అన్న మాట. తరవాత ఏమీ లేదు. తరవాత నా రేకు గీత ఉంది.

మా తమ్ముడు పదో తరగతి పాసయిన ఏడు 1975. వాడు కాలేజీకి వెళ్ళలేదు. ఐ.టి.ఐ. చేసి, హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. నన్ను చదివించి వాణ్ణి పనికి పంపారని వాడికి మనసులో ఉంది. ఎప్పుడూ అనడు. మా అమ్మాయి పెళ్ళిలో మాత్రం, అందరూ నవ్వుకుంటున్నప్పుడు, "అన్నయ్య చదువు తిన్నాడు, నేను ఇనుము తిన్నాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ "చిన్నాడి" తరవాత ఏముందో? ఫీజు కట్టారా? చేబదులు తెచ్చారా? కట్టబోయి డబ్బు చాలక ఊరుకున్నారా? వాడికి తెలియవలసిన లెక్క అది. పెచ్చులు ఏరుదామంటే, పొద్దున్న రాలినవన్నీ గమేళాతో ఎత్తుకెళ్ళి స్నానాల గది నేల ఎత్తు చెయ్యడానికి పోసేశాను. వాటి మీద సాయంత్రానికి మేస్త్రీ కంకర కూడా దిమ్మిస కొట్టేశాడు.

ఆ గోడలో గజం మేర పూత పూయకుండా వదిలేశాను. తమ్ముడికి చెప్పలేదు. ఫోనులో "అయిందా?" అంటే "అయిపోవచ్చింది" అన్నాను. అది అబద్ధం కాదు. అసలు సంగతీ కాదు.

క్రితం శ్రావణమాసంలో వాడు ఒక్కడే వచ్చాడు. సంచీ అరుగు మీద పెట్టి ఇల్లంతా తిరిగాడు. నేను పన్నెండేళ్ళు చేసినవి వాడు పన్నెండు నిమిషాల్లో చూశాడు. ఒక తలుపు తీసి వేసి, బందు దగ్గర చెవి పెట్టి విన్నాడు. కిటికీ చట్రం మీద బొటనవేలు పరిగెత్తించాడు. "బాగా చేశావన్నయ్యా" అన్నాడు. ముప్ఫయి ఏళ్ళు ఫిట్టరు పని చేసినవాడు అలా అన్నాడంటే అర్థం నాకు తెలుసు. నేను కూడా చాలామంది తండ్రులతో "మీవాడు బాగానే చదువుతున్నాడండీ" అన్నవాణ్ణే.

తరవాత ధాన్యం గదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వాడు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. "పెద్దాడి కాలేజీ, నాలుగు బస్తాలు." వేలు పక్కకి జరిపాడు. "చిన్నాడి..." ఆగాడు. "తరవాతేదీ?"

"గోకేశానురా. చూసుకోలేదు."

"పెచ్చులు?"

"స్నానాల గది నేల కింద పోశాను."

వాడు గోడ వైపే చూస్తూ కొంతసేపు నిలబడ్డాడు. తరవాత నవ్వాడు. నవ్వుతాడని నేను అనుకోలేదు. అదెలాంటి నవ్వో ఇప్పటికీ పోల్చుకోలేకుండా ఉన్నాను. "అయితే నాలుగేళ్ళుగా రోజూ నా లెక్క మీద నించుని స్నానం చేస్తున్నావన్నమాట" అన్నాడు. మరి ఆ సంగతి ఎత్తలేదు. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ చేసిన గుత్తివంకాయ గురించి మాట్లాడాడు.

అర్ధరాత్రి దాటాక వాన పట్టుకుంది. కరెంటు పోయింది. నేను అలవాటు కొద్దీ లేచి చీకట్లోనే వంటింట్లోకి వెళ్ళాను. బిందె అక్కడ లేదు. వసారాలోకొచ్చి చూస్తే తమ్ముడు దాన్ని వాయవ్య మూల పెట్టి పక్కన గొంతుకూచుని ఉన్నాడు. నీటిచుక్క బిందెలో పడ్డం లేదు, జానెడు అవతల నేల మీద పడుతోంది. మా నాన్నగారి కాలంలో కారినచోట ఇప్పుడు కారడం లేదు. నేను చేసిన మరమ్మతుకి ఆ కారుపు కాస్త జరిగింది, అంతే. వాడు బిందెని జరిపాడు. 'టంగ్' మంది. ఇద్దరం ఆ చప్పుడు వింటూ కూచున్నాం.

తెల్లారి వాన తెరిపివ్వగానే వాడు లుంగీ ఎగ్గట్టి నిచ్చెనెక్కాడు. డెబ్బయికి దగ్గర పడుతున్నవాడు, నేను కింద నిచ్చెన పట్టుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. నాలుగు పెంకులు తీసి రేకుల్ని చూశాడు. "అన్నయ్యా, పై రేకు అంచు కింది రేకు మీదికి రావాలి. నువ్వు కిందికి దోపావు. నీళ్ళు సరాసరి లోపలికి రమ్మని బొట్టు పెట్టి పిలిచినట్టుంది." ఎనిమిదేళ్ళ కిందట వేసిన రేకులవి. మధ్యాహ్నానికి తిరగేసి వేశాడు. ఆ సాయంత్రం మళ్ళీ వాన కురిసింది. బిందెలో చుక్క పడలేదు. 1996 నించి కారుతున్న మూల ఆగిపోయింది.

మా ఆవిడ వాడికి కాఫీ ఇస్తూ, "ఇంకేం మిగిలింది మరిదిగారూ?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అడగవలసింది. వాడు కాఫీ తాగినంతసేపూ మాట్లాడలేదు. "అదేంటి వదినా, బోలెడుంది" అన్నాడు.

రెండో రోజు వెళ్ళిపోయాడు. ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు. మొన్న కూడా చేశాడు.

"అయిందా అన్నయ్యా?"

"అయిపోవచ్చిందిరా."

"తొందరేం లేదు. ధాన్యం గది అలాగే ఉంచు. ఈ సంక్రాంతికి నేనొచ్చి ఆ వంటింటి తలుపు బందులు చూస్తాను. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."